శిథిలాల నుంచి సొంతవాళ్ల చెంతకు

భూకంపంలో ఇల్లు కూలినప్పుడు పెద్దవారు ఆప్తులనూ ఆస్తినీ పోగొట్టుకుంటారు. మాటలు ఇంకా సరిగా రాని పసిబిడ్డ వాటితోపాటు తానెవరో చెప్పగలిగే మనుషులను కూడా పోగొట్టుకుంటుంది. ఇంటిపేరు, గల్లీ పేరు, తండ్రి చేసే పని చెప్పలేని ఆ బిడ్డకు పాలు, దుప్పటి, మందు ఎంత త్వరగా అందినా, ఎవరి బిడ్డో తేల్చి సొంతవాళ్లకు అప్పగించేదాకా ఆ సాయం సగంలోనే ఉన్నట్లు లెక్క. విపత్తుల వేళ పిల్లలకు అందే సహాయం విషయంలో గత కొన్ని దశాబ్దాల్లో ప్రపంచం నేర్చుకున్న పాఠాల్లో ఇది అన్నిటికంటే విలువైనది. అయినా చందాలు పోగుచేసే చోట, లారీలకు సరుకు ఎక్కించే చోట అతి తక్కువగా వినిపించేదీ ఇదే. హైదరాబాద్ పాతబస్తీకి ఒకవైపు మూసీ వరద జ్ఞాపకం, మరొకవైపు అనాథ బిడ్డను సాకే పాత సంప్రదాయం, ఇంకొకవైపు భూకంపాలు తరచుగా వచ్చే ఒక దూరదేశంతో బంధుత్వం ఉన్నందువల్ల, ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ప్రాంతం చాలా అనువైనది.

పురానీ హవేలీలో ఉన్న పిల్లల ఆసుపత్రికి ప్రిన్సెస్ దుర్రుషెహ్‌వార్ పేరు ఉంది. ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె అయిన ఈమె 1931లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కుమారుడు ఆజంజాను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. అదే సందర్భంలో ఆజంజా తమ్ముడు మొఅజ్జంజాకు భార్యగా వచ్చిన నీలోఫర్ కూడా ఒట్టోమన్ రాజవంశీయురాలే. తెలంగాణ నలుమూలల నుంచి జబ్బుపడిన పిల్లలను తల్లులు తీసుకువచ్చే నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీద వెలసింది. ఈ విధంగా నగరంలో పిల్లల వైద్యానికి పేరుపడ్డ రెండు ఆసుపత్రుల పేర్లూ ఇస్తాంబుల్ నుంచి వచ్చినవే. 2023 ఫిబ్రవరిలో టర్కీ, సిరియా దేశాలను భూకంపం కుదిపివేసినప్పుడు, నగరంలోని టర్కీ కాన్సులేట్ జనరల్ కార్యాలయం చలిబట్టలు, దుప్పట్లు వంటి సహాయ సామగ్రి కోసం విజ్ఞప్తి చేస్తే జనం కదిలివచ్చారు; ఆ కదలికలో దయతోపాటు ఈ పాత బంధుత్వపు ఛాయ కూడా ఉందనుకోవడం తప్పు కాదు.

ఆ ఏడాది ఫిబ్రవరి 6న తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు 7.8 తీవ్రతతో మొదటి భూకంపం, దాదాపు 9 గంటల తరువాత 7.5 తీవ్రతతో రెండవది వచ్చాయి. భూమి పైపెంకు పలకలుగా విడిపోయి ఉంటుందనీ, ఆ పలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ కదిలేటప్పుడు వాటి అంచుల్లో పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదల కావడమే భూకంపమనీ శాస్త్రం చెబుతుంది. టర్కీ దక్షిణ భాగంలోని తూర్పు అనటోలియా భ్రంశం, అంటే పలకల మధ్య ఉన్న పెద్ద పగులు, వెంబడి ఆనాడు జరిగింది అదే. రెండు దేశాల్లో కలిపి 55 వేల మందికి పైగా మరణించారు. దెబ్బతిన్న 10 టర్కీ రాష్ట్రాల్లో 46 లక్షల మంది పిల్లలు నివసిస్తున్నారనీ, సిరియాలో 25 లక్షలకు పైగా పిల్లలపై ప్రభావం పడిందనీ ఐక్యరాజ్యసమితి బాలల నిధి యూనిసెఫ్ అంచనా వేసింది. యుద్ధం వల్ల ఒకసారి ఇల్లు విడిచి వచ్చి గుడారాల్లోనో అద్దె గదుల్లోనో తలదాచుకున్న సిరియా పిల్లల్లో చాలామందికి ఇది రెండవసారి నీడ కోల్పోవడం.

పిల్లల విషయంలో భూకంపం తీవ్రత ఎంత ముఖ్యమో అది వచ్చిన గడియ కూడా అంతే ముఖ్యమని అనుభవం చెబుతుంది. రాత్రిపూట వస్తే బిడ్డలు తల్లిదండ్రుల పక్కన ఉంటారు గనుక కుటుంబమంతా ఒకే కప్పు కింద చిక్కుకుంటుంది; బతికి బయటపడిన బిడ్డకు తోబుట్టువు కూడా మిగలని పరిస్థితి ఏర్పడుతుంది. బడి వేళలో వస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దుఃఖం మిగులుతుంది. 2005 అక్టోబరు 8న కశ్మీరును కుదిపిన భూకంపం ఉదయం 8 గంటల 50 నిమిషాల ప్రాంతంలో, తరగతులు నడుస్తున్న వేళ వచ్చినందువల్ల పాకిస్తాన్ పాలనలోని ప్రాంతాల్లో బడి భవనాలు కూలి దాదాపు 17 వేల మంది పిల్లలు చనిపోయారు. పొలాల్లో, ఆరుబయట ఉన్న తల్లిదండ్రులు ఎందరో బతికిపోయి, బిడ్డలను వెతుక్కుంటూ బడి శిథిలాల దగ్గరికి పరుగెత్తవలసి వచ్చింది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు గణతంత్ర దినోత్సవం సెలవు కావడం వల్ల చాలా బడులు ఖాళీగా ఉన్నా, అంజార్ పట్టణంలో జెండా పండుగ ఊరేగింపుగా ఒక ఇరుకు వీధిలో నడుస్తున్న పిల్లలపై రెండువైపుల ఇళ్లూ కూలి 185 మంది విద్యార్థులు, 20 మంది ఉపాధ్యాయులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వీధి వెడల్పును ఊహించుకోవడానికి పాతబస్తీ వాసికి శ్రమ అవసరం లేదు. చార్మినార్ వెనుక గల్లీల్లో పిల్లలు రోజూ బడికి నడిచివెళ్లే దారులు అటువంటివే.

శిథిలాల కింద నుంచి బిడ్డను వెలికితీయడంలో కూడా పెద్దవారికంటే భిన్నమైన జాగ్రత్తలు ఉన్నాయి. బరువు కింద గంటల తరబడి కండరాలు నలిగినప్పుడు వాటిలోని పొటాషియం, మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు విడివడి అక్కడే పోగుపడి ఉంటాయి; బరువును ఒక్కసారిగా తొలగిస్తే అవి రక్తంలో కలిసి గుండెను ఆపివేయవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. అందువల్ల నలుగుడు గాయంతో చిక్కుకున్న మనిషికి వీలైనంతవరకు శిథిలాల్లో ఉండగానే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టి ఆ తరువాతే బరువు తీస్తారు. పసిపిల్లల్లో రక్తం మొత్తమే తక్కువ, శరీరం త్వరగా చల్లబడుతుంది, భయంతో పిలుపుకు జవాబివ్వకుండా ముడుచుకుపోయే అలవాటు కూడా ఉంటుంది గనుక వారిని కనిపెట్టడమూ, బయటికి తీశాక నిలబెట్టడమూ రెండూ కష్టమే. ఆపరేషన్ దోస్త్ పేరుతో భారతదేశం టర్కీకి పంపిన జాతీయ విపత్తు స్పందన దళం గాజియాంతెప్ రాష్ట్రంలోని నూర్దాగి దగ్గర 6 ఏళ్ల బాలికను సజీవంగా బయటకు తీయగలిగింది. సైన్యానికి చెందిన 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ సిబ్బంది ఇస్కెందరూన్‌లో 30 పడకల తాత్కాలిక ఆసుపత్రిని నడిపారు.

ఇక్కడి నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది. బయటికి వచ్చిన బిడ్డ ఎవరిది? సహాయ సంస్థలు ఇటువంటి పిల్లలను రెండు రకాలుగా గుర్తిస్తాయి. తల్లిదండ్రులకు దూరమైనా పిన్నినో తాతనో అన్ననో అంటిపెట్టుకుని ఉన్నవారు ఎడబాటుకు గురైన పిల్లలు. తమను చూసుకునే పెద్దవారు ఒక్కరూ దగ్గర లేనివారు తోడులేని పిల్లలు. ఈ రెండు మాటల్లో దేనిలోనూ 'అనాథ' అన్న పదం లేకపోవడం యాదృచ్ఛికం కాదు. మొదటి వారాల్లో ఒంటరిగా కనిపించే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో ఏదో ఒక ఆసుపత్రిలో స్పృహ లేకుండానో, వేరే ఊరి శిబిరంలోనో ఉంటారు. తల్లిదండ్రులిద్దరూ పోయినా మేనమామలు, మేనత్తలు, అమ్మమ్మలు ఉంటారు. అందుకే బిడ్డ దొరికిన చోటు, దొరికిన సమయం, ఒంటిమీది బట్టలు, పుట్టుమచ్చలు, తెచ్చి అప్పగించినవారి వివరాలు ఆ క్షణంలోనే రాసుకుని ఫొటో తీసి భద్రపరచాలని నియమం పెట్టారు. బిడ్డను శుభ్రంగా కడిగి కొత్త బట్టలు తొడగడం దయతో చేసే పనే అయినా, పాత బట్టలను పారవేస్తే తల్లి గుర్తుపట్టగల ఒకే ఒక్క ఆనవాలు పోయినట్లవుతుంది. టర్కీ కుటుంబ మంత్రిత్వశాఖ పేరు చెప్పలేని పిల్లల ముఖాలను, వెతుకుతున్న బంధువులు తెచ్చిన ఫొటోలతో సరిపోల్చడానికి కంప్యూటర్ ప్రోగ్రాం సాయం కూడా తీసుకుంది.

సిరియా వైపు జిందైరిస్ పట్టణంలో శిథిలాల కింద పుట్టిన ఒక ఆడశిశువు కథ ఆ రోజుల్లో ప్రపంచమంతటా పాకింది. తల్లి చనిపోయాక కూడా బొడ్డుతాడు తెగకుండా దొరికిన ఆ బిడ్డను అఫ్రిన్ పట్టణంలోని ఆసుపత్రికి చేర్చగా, అక్కడి నిర్వాహకుడి భార్య తన 4 నెలల కూతురితో పాటు ఆ బిడ్డకూ పాలిచ్చింది. దత్తత తీసుకుంటామని దేశదేశాల నుంచి వేల మంది ముందుకు వచ్చారు. ఆసుపత్రివారు అంగీకరించలేదు. డీఎన్ఏ పరీక్షతో రక్తసంబంధం రుజువయ్యాక బిడ్డను మేనత్త కుటుంబానికి అప్పగించారు. చనిపోయిన తల్లి పేరే బిడ్డకు పెట్టుకున్నారు. ఆ మేనత్త కుటుంబం కూడా భూకంపంలో ఇల్లు పోగొట్టుకున్నదే కావడం గమనించదగినది. సంపన్న దేశంలో బిడ్డకు దొరికే సౌకర్యాలతో పోల్చి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవారు ఉండవచ్చు. కాని ఆ బిడ్డ పెద్దదయ్యాక తన తల్లి ఎలా ఉండేదో, ఎలా నవ్వేదో చెప్పగలిగే మనుషులు ప్రపంచంలో ఆ కుటుంబంలోనే ఉన్నారు.

దీనికి విరుద్ధంగా జరిగినప్పుడు ఏమవుతుందో హైతీ చూపించింది. 2010 జనవరి 12 నాటి భూకంపం తరువాత కొద్ది వారాలకే 10 మంది అమెరికన్ మతప్రచారకులు సరైన అనుమతిపత్రాలు లేకుండా 33 మంది పిల్లలను సరిహద్దు దాటించి డొమినికన్ రిపబ్లిక్‌కు తీసుకుపోబోయి పట్టుబడ్డారు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారని విచారణలో తేలింది. బిడ్డకు మంచి చదువు దొరుకుతుందన్న ఆశతో నిరుపేద తల్లిదండ్రులే పంపడానికి ఒప్పుకున్న సందర్భాలు కూడా వాటిలో ఉండడం ఈ వ్యవహారంలోని అసలు వేదన. అంతకుముందే, 2004 డిసెంబరు సునామీ తరువాత, ఇండోనేషియా ప్రభుత్వం ఆచే రాష్ట్రం నుంచి 16 ఏళ్లలోపు పిల్లలను బయటికి తీసుకువెళ్లడాన్ని నిషేధించింది. విపత్తు జరిగిన వెంటనే దత్తత ఇవ్వకూడదన్న సూత్రం ఇటువంటి అనుభవాల మీదే బలపడింది.

పాతబస్తీ వాడుకలో 'యతీమ్' అంటే తండ్రి లేని బిడ్డ. తల్లి బతికి ఉన్నా ఆ బిడ్డ యతీమే. ఇటువంటి బిడ్డను సాకడం ఇస్లాంలో ఎంతో పుణ్యకార్యంగా చెప్పబడింది గనుకనే నాంపల్లిలోని అనీసుల్ గుర్బా వంటి యతీంఖానాలు నగరంలో తరతరాలుగా నిలిచాయి. అయితే ఈ సంప్రదాయంలో బిడ్డను పెంచుకోవడం వేరు, బిడ్డ వంశాన్ని మార్చడం వేరు. అన్నం, బట్ట, చదువు, రక్షణ అన్నీ ఇచ్చినా బిడ్డ తన తండ్రి పేరుతోనే కొనసాగుతుంది. దీనిని కఫాలా అంటారు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణంలో, కుటుంబం కోల్పోయిన బిడ్డకు ఇవ్వదగిన రక్షణ రూపాల్లో దత్తతతోపాటు కఫాలాను పేరెత్తి మరీ చేర్చారు. ఆధునిక సహాయ శాస్త్రం చాలా చేదు అనుభవాల తరువాత చేరుకున్న చోటికి, అంటే బిడ్డను ఆదుకోవడానికి బిడ్డ మూలాలను చెరపనక్కరలేదన్న అవగాహనకు, ఈ పాత ఆచారం ఎప్పుడో చేరుకుని ఉన్నదని చెప్పవచ్చు.

భారతదేశపు చట్టం కూడా ముందు సొంతవాళ్లు, తరువాతే దత్తత అన్న క్రమాన్నే అనుసరిస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకృతి వైపరీత్యానికి గురైన బిడ్డను సంరక్షణ అవసరమైన బిడ్డగా పేర్కొంటుంది. అటువంటి బిడ్డ ఎవరికి దొరికినా, ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులతో మెజిస్ట్రేటు అధికారాలున్న ఈ సమితి బంధువుల కోసం వెతికిస్తుంది. ఎవరూ దొరకని పక్షంలో 2 ఏళ్లలోపు బిడ్డ విషయంలో 2 నెలల్లో, అంతకు పైబడిన బిడ్డ విషయంలో 4 నెలల్లో దత్తతకు అర్హతను ప్రకటించవచ్చు. దయగల ఇరుగుపొరుగువారు బిడ్డను నేరుగా ఇంట్లో ఉంచేసుకోవడం చట్టరీత్యా తప్పే కాక, ఇంకో మొహల్లాలో అదే బిడ్డ కోసం తిరుగుతున్న తాతకు ఆ ఇంటి తలుపు ఎప్పటికీ కనబడకుండా చేయడం కూడా అవుతుంది.

పాతబస్తీ స్వయంగా అనుభవించిన మహా విపత్తు భూకంపం కాదు, 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ఎడతెగని వానకు పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగి నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోగా పురానాపూల్ ఒక్కటే నిలిచింది. దాదాపు 19 వేల ఇళ్లు నేలమట్టమయ్యాయి. మృతులు సుమారు 15 వేలని సాధారణంగా చెప్పే లెక్క. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. రుబాయీలకు పేరుపొందిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, చిన్న కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వంటశాలలు తెరిచి ఆకలిని ఆపింది. సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్న సరోజినీ నాయుడుకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ఇవ్వగా, జలియన్‌వాలా బాగ్ మారణకాండ తరువాత ఆమె దానిని తిరిగి ఇచ్చేశారు. ఇటువంటి వరద మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి.

ఆ వరద గురించి తరచుగా చెప్పుకునే లెక్కల్లో వంతెనలున్నాయి, చెరువులున్నాయి, ఇళ్లున్నాయి, నీటి వేగం ఘనపుటడుగుల్లో ఉంది; పిల్లల లెక్క విడిగా లేదు. దీనికి ఆనాటి పాలకులను నిందించడం న్యాయం కాదు. విపత్తులో బిడ్డను కుటుంబంలో ఒక భాగంగా మాత్రమే కాక, వేరే అవసరాలున్న మనిషిగా చూడాలన్న ఆలోచనే అప్పటికి ప్రపంచంలో ఇంకా వేళ్లూనలేదు. మహబూబ్ అలీఖాన్ కాలంలోనే సరూర్‌నగర్‌లో విక్టోరియా స్మారకంగా వెలసిన అనాథాశ్రమం అప్పటి ఆలోచనలో అత్యున్నతమైన రూపం: పెద్ద ఆవరణ, అన్నం, చదువు, చేతిపని. ఆ చోటికి దగ్గరి మెట్రో స్టేషనుకు ఇప్పుడు ఆ పేరే ఉంది.

తెలుగువారికి దగ్గరగా వచ్చిన ఘోర భూకంపం 1993 సెప్టెంబరు 30 నాటి కిల్లారి భూకంపం. పూర్వపు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడాలో, ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద ఏర్పడిన అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలోనూ, అందులోంచి విడివడిన లాతూర్ జిల్లాలోనూ తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు, గణేశ్ నిమజ్జనం ముగించుకుని జనం అలసి నిద్రపోయిన వేళ అది వచ్చింది. తీవ్రత 6.2 మాత్రమే అయినా మృతుల సంఖ్య 8 వేల నుంచి 10 వేల వరకు ఉండడానికి కారణం ఇళ్లలోనే ఉంది. మట్టితో పేర్చిన అడుగుల మందపు రాతిగోడలు, వాటిమీద ఎండకు, వానకు తట్టుకోవడానికి ఏటేటా పోసిన మట్టి మిద్దెలు. గోడ కదలగానే మిద్దె మొత్తం కిందికి వచ్చింది. అప్పటి భూకంప మండలాల పటంలో ఆ ప్రాంతం భూకంప భయం అతి తక్కువగా ఉన్న ఒకటవ మండలంలో ఉండేది; హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కిల్లారిలో నేలను తొలిచి లోపలి పొరలను పరిశీలించడంతో సహా ఎన్నో అధ్యయనాలు జరిగాయి. 2002లో సవరించిన పటంలో ఒకటవ మండలమే లేకుండా పోయి కిల్లారి మూడవ మండలంలోకి వెళ్లింది. అంటే దక్కను పీఠభూమి మీద భూకంపం రాదన్న నమ్మకం ఆ ఒక్క తెల్లవారుజాముతో పోయింది.

కిల్లారి పిల్లల్లో 1,200 మందిని భారతీయ జైన్ సంఘటన అనే సంస్థ పూణేకు తీసుకువెళ్లి, వాఘోలీలో వసతి కల్పించి చదివించింది. బిడ్డను ఊరి నుంచి కదిలించకూడదన్న సూత్రానికి ఇది విరుద్ధంగా కనిపించవచ్చు. అయితే హాస్టల్లో చదివే బిడ్డకు సొంత పేరు, సొంత ఊరు, సెలవులకు వెళ్లడానికి ఒక తాత ఇల్లు ఉంటాయి. కావలసింది ఆ దారం తెగకుండా ఉండడమే. బడి లేదు, పంట లేదు, రేకుల షెడ్డులో 4 కుటుంబాలు ఉంటున్నాయి అన్నప్పుడు చదువు కోసం దూరం పంపడం పెద్దలు ఆలోచించి తీసుకున్న నిర్ణయమైతే అది సహాయమే.

దూరం నుంచి పంపే సరుకుల విషయంలో రెండు మాటలు స్పష్టంగా చెప్పవలసి ఉంది. మొదటిది డబ్బాపాలు. భూకంప ప్రాంతంలో శుభ్రమైన నీరు, కాగబెట్టడానికి పొయ్యి, సీసాలు మరగబెట్టే వీలు ఉండవు గనుక, పాలపొడితో విరేచనాలు సోకి శిశువులు చనిపోయే ప్రమాదం ఆకలి ప్రమాదం కంటే పెద్దదవుతుంది. భయానికి తల్లిపాలు ఎండిపోతాయన్న నమ్మకం బలంగా ఉన్నా, బిడ్డను తరచుగా రొమ్ముకు పట్టి, తల్లికి తిండి, నీరు, కాస్త చాటు కల్పిస్తే పాలు తిరిగి వస్తాయని వైద్యులు చెబుతారు. అందుకే యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ అడగని పాలపొడిని పంపవద్దని ప్రతిసారీ విన్నవించుకుంటాయి. జిందైరిస్ బిడ్డను బతికించింది కూడా మరో తల్లి పాలే. రెండవది పాతబట్టలు. గుజరాత్ భూకంపం తరువాతా, సునామీ తరువాతా రోడ్ల పక్కన ఎవరూ తీసుకోని పాతబట్టల గుట్టలు పేరుకుపోయాయి. వాటిని ఏరి, సర్దడానికి పట్టిన మనుషుల శ్రమ మరో పనికి ఉపయోగపడేది. నమ్మదగిన సంస్థకు డబ్బు పంపితే దగ్గరి బజారులోనే కావలసిన కొలతల్లో చలికోట్లు దొరుకుతాయి, అక్కడి దుకాణదారుడూ మళ్లీ నిలబడతాడు.

శిబిరంలో బిడ్డ ప్రాణానికి వచ్చే ముప్పు గాయాలకంటే గుంపు జబ్బుల వల్లే ఎక్కువ. కిక్కిరిసిన గుడారాల్లో తట్టు, అంటే మీజిల్స్, వేగంగా పాకుతుంది గనుక 6 నెలల వయసు నుంచే టీకా వేసి దానితోపాటు విటమిన్ ఏ చుక్కలు ఇస్తారు. పోషకాహార లోపాన్ని కనిపెట్టడానికి బిడ్డ జబ్బకు రంగుల పట్టీ చుట్టి కొలుస్తారు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు బిడ్డకు ఆ కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే వెంటనే చికిత్స అవసరమని అర్థం. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు ఉండాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన కొలత. దూరంగా, చీకట్లో ఉన్న మరుగుదొడ్డికి ఆడపిల్లలు వెళ్లలేరు. దానికి లోపలి గడియ, బయట దీపం ఉన్నాయా లేదా అన్నది కూడా పిల్లల రక్షణలో భాగమే.

మనసుకు తగిలిన దెబ్బ పిల్లల్లో మాటల్లో బయటపడదు. పక్క తడపడం ఎప్పుడో మానేసిన 8 ఏళ్ల బిడ్డ మళ్లీ తడపడం, కప్పు కింద పడుకోనని మొండికేయడం, ఇటుకలు పేర్చి కూలగొట్టే ఆటనే పదేపదే ఆడడం దాని రూపాలు. ఆ ఆటను చూసి పెద్దలు కంగారుపడి ఆపుతారు గాని, తనకు అర్థం కానిదానిని బిడ్డ చేతుల్లోకి తీసుకుని చిన్నది చేసుకునే ప్రయత్నమది. 1999లో కొసావో శరణార్థి శిబిరాల్లో, అదే ఏడాది టర్కీలో వచ్చిన భూకంపం తరువాత యూనిసెఫ్ ఏర్పాటు చేసిన పిల్లల నెలవులు ఈ అవగాహన మీద నిలిచాయి. ఒక పెద్ద గుడారం, చాప, రంగులు, బంతి, రోజూ అదే వేళకు వచ్చే అదే మనిషి, కనబడేది ఇంతే. తల్లి రేషను వరుసలో నిలబడి ఉండగా బిడ్డ ఎక్కడుందో తెలిసి ఉండడం, బిడ్డకు రేపు కూడా ఈ వేళకు ఈ అక్క వస్తుందని తెలిసి ఉండడం దాని ఫలితాలు. లాతూర్, గుజరాత్ భూకంపాల తరువాత బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ మానసిక వైద్యులు చేసిన పని నుంచి, ఇటువంటి సాంత్వన ఇవ్వడానికి డాక్టర్లే కానక్కరలేదని, శిక్షణ ఇస్తే ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు చాలావరకు చేయగలరని దేశం తెలుసుకుంది. బడి తెరవడం అన్నిటికంటే పెద్ద మందు. గోడలు లేకపోయినా హాజరు పిలిస్తే బడి మొదలైనట్లే.

ఈ విషయాలన్నీ దూరదేశాలకు పరిమితం అనుకోవడానికి వీలులేదు. 2002 నాటి పటంలో హైదరాబాద్ భూకంప ప్రమాదం తక్కువగా ఉన్న రెండవ మండలంలో ఉంది, పెద్ద భూకంపం వచ్చే అవకాశం తక్కువే. అయినా 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు ఆ కదలిక దూరదూరాలకు తెలిసింది. పాతబస్తీలో డంగు సున్నపు గోడలు, కొయ్య దూలాల మీద నిలిచిన పాత దేవిడీలు ఒకవైపు, చిన్న జాగాలో ఒకదానిమీద ఒకటి లేచిన కొత్త అంతస్తులు మరొకవైపు ఉన్నాయి. ఇళ్లనే బడులుగా మార్చిన చోట్ల ఒకే ఇరుకు మెట్లదారి ఉంటుంది. 2020 అక్టోబరు వానలకు బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ప్రహరీ గోడ ఇళ్ల మీద కూలి నిద్రలో ఉన్నవారు చనిపోయారు. భూమి కదలకపోయినా గోడ కూలుతుందని, గోడ కింద బిడ్డలు ఉంటారని ఆ రాత్రి తెలిసింది.

బిడ్డ ఎవరిదో తేల్చడానికి కావలసిన సమాచారం నగరంలో ఇప్పటికే చాలావరకు రాసి ఉంది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన క్షణాన బిడ్డ చేతికి కట్టే పట్టీతో అది మొదలవుతుంది. టీకా కార్డులో, అంగన్‌వాడీ రిజిస్టరులో, 2021 నుంచి పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ అప్లికేషన్‌లో, తరువాత బడి హాజరు పట్టీలో బిడ్డ పేరు, తల్లి పేరు, చిరునామా చేరతాయి. కాగితపు రిజిస్టరు శిథిలాల కింద పోయినా కంప్యూటరులో ఎక్కినది మిగులుతుంది. లోటు ఒక్కచోట ఉంది. ఈ పత్రాల్లో సాధారణంగా తల్లిదండ్రుల ఫోన్ నంబర్లే ఉంటాయి, ఆ ఫోన్లు కూడా అదే కప్పు కింద ఉంటాయి. జిందైరిస్ బిడ్డను ఇంటికి తీసుకుపోయినది వేరే కప్పు కింద ఉన్న మేనత్త. పాతబస్తీ కుటుంబాలకు టోలిచౌకిలోనో జహీరాబాద్‌లోనో, చివరికి జిద్దాలోనో ఒక ఖాలా (పిన్ని), ఒక ఫుప్పీ (మేనత్త), ఒక మామూ (మేనమామ) తప్పక ఉంటారు. బడిలో చేర్చుకునే దరఖాస్తులో వారి నంబరు కోసం ఇంకో గడి గీయడానికి పట్టే ఖర్చు ఒక గీత.